గాలి ఒక దారి, మంచు ఒక దారి

వేసవి సెలవుల్లో పిల్లలతో విశాఖపట్నం వెళ్లినప్పుడు, ఒక సాయంత్రం ఆర్కే బీచ్ నుంచి భీమిలి రోడ్డు మీద కాసేపు నడవండి. ఆ నెలల్లో గాలి ఎక్కువగా నైరుతి నుంచి, అంటే మీ వీపు వైపు నుంచి వీస్తుంది. సముద్రం మీ కుడిచేతి వైపు ఉంటుంది. గాలి తోపుకు సముద్రపు పైనీరు కూడా మీతోపాటే భీమిలి వైపు పోతుందనుకుంటాం. కానీ గాలి కదిపిన పైపొరనంతా కలిపి లెక్కవేస్తే, ఆ నీరు కుడివైపుకు, ఒడ్డును విడిచి లోపలి సముద్రంలోకి జరుగుతుంది. అది వదిలిన చోటును నింపడానికి అడుగునుంచి చల్లటి నీరు పైకి ఉబుకుతుంది. దీన్నే అప్‌వెల్లింగ్ అంటారు. చేపలకు తిండి పుట్టేది ఇలాంటి చోట్లే.

గాలి ఒకవైపు తోస్తే నీరు మరోవైపు ఎందుకు పోతుంది? ఈ ప్రశ్నకు మొదటి ఆధారం దొరికింది మన బంగాళాఖాతంలో కాదు. ఉత్తర ధ్రువ సముద్రంలో, మంచులో కావాలని ఇరికించిన ఒక ఓడ మీద. ఆ ఓడ నాయకుడి పేరు ఫ్రిట్యోఫ్ నాన్సెన్.

ఆయన 1861 అక్టోబరు 10న నార్వే రాజధాని క్రిస్టియానియా శివార్లలో పుట్టారు. ఆ నగరమే ఇప్పటి ఓస్లో. తండ్రి లాయరు. ఇల్లు అడవికి ఆనుకుని ఉండేది కాబట్టి బాగా చిన్నప్పుడే స్కీలు కట్టుకుని మంచు మీద జారడం నేర్చుకున్నారు. మన ఇళ్లలో ఎంపీసీయా బైపీసీయా అన్న చర్చ నడిచే వయసులో ఆయన జంతుశాస్త్రం ఎంచుకున్నారు. దానికి ఆయన చూసుకున్న కారణం మాత్రం మన కౌన్సెలింగ్ షీట్లలో ఎక్కడా ఉండదు: ఆ సబ్జెక్టు అయితే నాలుగు గోడల మధ్య కాకుండా ఆరుబయట తిరగవచ్చని.

అనుకున్నట్టే 1882లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, సీల్ జంతువుల వేటకు వెళ్లే ఒక ఓడలో ఆర్కిటిక్ సముద్రానికి వెళ్లారు. గ్రీన్‌లాండ్ దగ్గర మంచుపలకల మీద కొట్టుకొచ్చిన చెట్ల దుంగలు కనిపించాయి. గ్రీన్‌లాండ్‌లో అలాంటి చెట్లు పెరగవు. అవి సైబీరియా నుంచి వచ్చి ఉండాలి. అంత దూరం వాటిని మోసుకొచ్చింది ఏది? ఆ ఆలోచన అప్పటికి అక్కడే ఆగింది. తిరిగి రాగానే బెర్గెన్ మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. ఆరుబయట తిరగాలనుకున్న మనిషి చాలాకాలం మైక్రోస్కోపు ముందు కూర్చుని, చిన్న సముద్రజీవుల నాడీమండలం మీద పనిచేశారు. ఆ పనికి 1888లో డాక్టరేటు వచ్చింది. పరీక్ష ముగిసిన కొద్ది రోజులకే ఐదుగురు తోడుతో గ్రీన్‌లాండ్‌ను స్కీల మీద అడ్డంగా దాటడానికి బయలుదేరారు. మనుషులున్న పడమటి తీరం నుంచి కాకుండా, దాదాపు ఎవరూ లేని తూర్పు తీరం నుంచి మొదలుపెట్టారు. వెనక్కి వస్తే దిక్కులేదు కాబట్టి ముందుకే పోతామన్నది ఆయన లెక్క. దాటారు కూడా. ఇలాంటి లెక్క గెలిచాక గొప్పగా ఉంటుంది. అందులో ఆరుగురి ప్రాణాలు పణంగా ఉన్నాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఈలోపు ఇంకొక ఆధారం దొరికింది. జానెట్ అనే అమెరికా ఓడ 1881లో సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేళ్ల తర్వాత ఆ ఓడ వస్తువులు కొన్ని గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో బయటపడ్డాయి. అంటే ధ్రువ సముద్రం మీదుగా ఆ కొస నుంచి ఈ కొసకు మంచు కదులుతోందన్నమాట. నార్వే వాతావరణ శాస్త్రవేత్త హెన్రిక్ మోన్ పత్రికలో ఈ సంగతి రాశారు. అది చదివిన నాన్సెన్‌కు చెట్ల దుంగలు గుర్తొచ్చాయి. మంచుతో పోరాడే బదులు ఓడను దానికే అప్పగిస్తే, అదే ధ్రువం దాకా మోసుకుపోదా?

1892లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో ఈ పథకం చెప్పినప్పుడు పెద్దపెద్ద ధ్రువ యాత్రికులు చాలామంది పెదవి విరిచారు. మంచులో ఇరుక్కున్న ఓడ నలిగిపోక మానదన్నది వాళ్ల అనుభవం. నాన్సెన్ మాత్రం కాలిన్ ఆర్చర్ అనే ఓడల నిర్మాతతో ఒక వింత ఓడ కట్టించారు. 39 మీటర్ల పొడవుకు 11 మీటర్ల వెడల్పు, గుండ్రటి పొట్ట. మంచు రెండు పక్కలా నొక్కితే ఓడ పగలకుండా, వేళ్ల మధ్య నొక్కిన తడి గింజలా పైకి జారిపోవాలి. దానికి ఫ్రామ్ అని పేరు పెట్టారు. నార్వే భాషలో ముందుకు అని అర్థం. 1893 జూన్‌లో 13 మందితో బయలుదేరిన ఫ్రామ్, సెప్టెంబరు చివరికి సైబీరియాకు ఉత్తరాన మంచులో గడ్డకట్టుకుపోయింది.

ఆ తర్వాత దాదాపు మూడేళ్లు ఆ ఓడ మీద జరిగింది చాలా విసుగు పుట్టించే పని. గాలి ఎటు వీస్తోంది, ఎంత వేగం, నీటి వేడి ఎంత, ఉప్పదనం ఎంత, ఓడ ఎక్కడుంది? వేళ తప్పకుండా కొలవడం, పుస్తకంలో రాయడం. ధ్రువ సముద్రం లోతు తక్కువని అప్పటి నమ్మకం. తెచ్చుకున్న కొలతాడు అడుగుకు అందలేదు. అప్పుడు ఒక ఉక్కు తాడును పేటలుగా విప్పి, ఆ పేటలు ముడివేసి, నాలుగు వేల మీటర్లకు పైగా పొడవున్న కొత్త కొలతాడు పేనుకున్నారు. దానితో చూస్తే లోతు మూడు వేల మీటర్లు దాటింది. పై చల్లటి నీటి కింద, అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చటి నీటి పొర ఒకటి ఉందని కూడా తేలింది.

రాసుకున్న అంకెల్లో ఒక సంగతి మాటిమాటికీ కనిపించింది. గాలి ఎటు వీస్తే మంచు సూటిగా అటు పోవడం లేదు. 20 నుంచి 40 డిగ్రీలు కుడివైపుకు పక్కకు జరుగుతోంది. ఒకటి రెండు రోజులైతే ప్రవాహమేదో అడ్డొచ్చిందని సరిపెట్టుకోవచ్చు. నెలల తరబడి అదే. నాన్సెన్ దీనికి కారణం ఊహించగలిగారు. భూమి తిరుగుతోంది కాబట్టి ఉత్తరార్ధగోళంలో కదిలే ప్రతి వస్తువూ కొద్దిగా కుడివైపు మళ్లుతుంది. గాలి పైపొర నీటిని లాగుతుంది, అది కుడికి మళ్లుతుంది. ఆ పొర తన కింది పొరను లాగుతుంది, అది ఇంకాస్త కుడికి మళ్లుతుంది. కిందికి పోయేకొద్దీ మలుపు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది.

అప్పట్లో ఆయన మనసంతా దీని మీద లేదు. ఓడ సరిగ్గా ధ్రువం మీదుగా పోదని తేలిపోవడంతో, 1895 మార్చి 14న ఓడను ఒట్టో స్వెర్‌డ్రుప్‌కు అప్పగించి, యాల్మర్ యోహాన్సెన్ అనే ఒక్క మనిషినీ, 28 కుక్కలనూ వెంటబెట్టుకుని మంచు మీద ధ్రువానికి బయలుదేరారు. ఏప్రిల్ మొదటి వారం దాటేసరికి 86 డిగ్రీల 14 నిమిషాల అక్షాంశం చేరారు. అప్పటిదాకా మనిషెవరూ అంత ఉత్తరానికి పోలేదు. కానీ వీళ్లు ఉత్తరానికి నడుస్తుంటే కాళ్ల కింద మంచు దక్షిణానికి జరుగుతోంది. వెనుదిరగక తప్పలేదు. తిరుగుదారిలో ఒకరోజు ఇద్దరూ గడియారాలకు కీ ఇవ్వడం మరిచిపోయారు. గడియారం ఆగితే తామెంత తూర్పున ఉన్నారో తెలుసుకునే ఆధారం పోయినట్టే. ఓడ మీద అంకె తప్పకుండా రాసుకున్న మనిషికి ఇలా జరగడం నాకు ఎందుకో కొంత ఊరటగా అనిపిస్తుంది.

ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల్లో రాళ్లు పేర్చి, పైన వాల్రస్ తోళ్లు కప్పి, ఆ గుహలాంటి గూడులో చలికాలం గడిపారు. తిండి ఎలుగుబంటి మాంసం. ఇద్దరికీ ఒకటే పడక. అంతకాలం కలిసి చావుబతుకులు పంచుకున్నా ఒకరినొకరు మీరు అనే పిలుచుకునేవారని, ఆ ఏడాది ఆఖరి రాత్రి నాన్సెనే ఇకనుంచి నువ్వు అనుకుందామని అడిగారని చెబుతారు. వసంతంలో కదిలాక ఒకరోజు వాళ్ల పడవలు కట్టు ఊడి గాలికి కొట్టుకుపోయాయి. సామానంతా వాటిలోనే ఉంది. నాన్సెన్ గడ్డకట్టే నీళ్లలో దూకి, ఈదుకుంటూ వెళ్లి వాటిని పట్టుకొచ్చారు. 1896 జూన్‌లో అనుకోకుండా ఒక ఇంగ్లిష్ యాత్రికుడు ఎదురుపడటంతో బతికి బయటపడ్డారు. ఆగస్టు 13న నార్వే తీరం చేరారు. అదే రోజు ఫ్రామ్ కూడా మంచును వదిలించుకుని బయటికి వచ్చింది. 13 మందిలో ఒక్కరు కూడా పోలేదు. ధ్రువం మాత్రం అందలేదు.

దేశమంతా పండగ చేసుకుంది. ఆయన 35 ఏళ్లకే ప్రపంచమంతా తెలిసిన మనిషి. ఆ సంబరాలు తగ్గాక, మంచు ఎందుకు పక్కకు జరిగిందన్న లెక్క మళ్లీ ముందుకొచ్చింది. కారణం మాటల్లో చెప్పగలరు గానీ, దాన్ని గణితంలో రుజువు చేయడం జంతుశాస్త్రం చదివిన తనవల్ల కాదని ఆయనకు తెలుసు. ప్రొఫెసర్ పదవిలో ఉన్నారు, దేశంలో ఆయన మాటకు తిరుగులేదు. ఊహగా రాసేసి ఊరుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆయన ఆ పని చేయకుండా భౌతిక శాస్త్రవేత్త విల్‌హెల్మ్ బ్యెర్క్నెస్‌ను కలిసి, ఈ లెక్క చేయగల విద్యార్థిని ఎవరినైనా చూపించమని అడిగారు. బ్యెర్క్నెస్ చూపించిన కుర్రాడు వాగ్న్ వాల్‌ఫ్రిడ్ ఎక్‌మన్. స్వీడన్ దేశస్థుడు, నాన్సెన్ కంటే దాదాపు 13 ఏళ్లు చిన్న. సమస్య విన్న సాయంత్రానికే అతను దాని మొదటి రూపం తేల్చేశాడని సముద్ర శాస్త్రవేత్తలు చెప్పుకుంటారు.

ఎక్‌మన్ 1902లో, మరింత వివరంగా 1905లో ఆ లెక్క ప్రచురించాడు. లోతుకు పోయేకొద్దీ నీరు మెట్లదారిలా తిరుగుతుంది. ఆ పొరలన్నీ కలిపి కూడితే, గాలి కదిపిన నీరు మొత్తం గాలికి సరిగ్గా లంబంగా, అంటే 90 డిగ్రీలు కుడికి పోతుంది. దక్షిణార్ధగోళంలో అయితే ఎడమకు. ఇప్పుడు ప్రపంచంలోని ప్రతి సముద్ర శాస్త్ర పుస్తకంలోనూ ఇది ఎక్‌మన్ పేరుతోనే ఉంది. మంచు మీద ఏళ్ల తరబడి అంకెలు పోగేసిన మనిషి పేరుతో కాదు. నాన్సెన్ దీన్ని ఆపలేదు సరికదా, తాను నడిపిన క్రిస్టియానియా ప్రయోగశాలలోనే ఎక్‌మన్‌కు ఉద్యోగం ఇచ్చారు.

ఈ లెక్క తేలాక చల్లటి తీరాల చిక్కు విడిపోయింది. పెరూ, కాలిఫోర్నియా, నమీబియా తీరాల్లో నీరు చుట్టుపక్కల సముద్రం కంటే చల్లగా ఎందుకుంటుందో అప్పటిదాకా సరైన వివరణ లేదు. అక్కడ గాలి ఒడ్డు వెంబడి వీస్తుంది, భూమి తిరగడం వల్ల పైనీరు సముద్రంలోకి జరుగుతుంది, కింది నీరు పైకొస్తుంది. ఆ కింది నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు నిండుగా ఉంటాయి. పైన బతికి చచ్చిన జీవాలన్నీ అడుగుకు జారి కుళ్లి అక్కడ ఎరువవుతాయి. వెలుతురు పైన, ఎరువు కింద. ఈ రెండూ కలిసినచోట కంటికి కనిపించని వృక్ష ప్లవకాలు కోట్లలో పెరుగుతాయి, వాటి వెనక చేపలు వస్తాయి. ఇలాంటి తీరాలు సముద్రపు విస్తీర్ణంలో ఒకటి రెండు శాతమే ఉంటాయి. ప్రపంచం పట్టే సముద్రపు చేపల్లో దాదాపు ఐదో వంతు అక్కడివే.

మన తీరానికి ఈ లెక్కను పట్టి చూసింది అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్. ఆయన 1952లో వాల్తేరుకు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి తీరం దగ్గరి నీటిని కొలిచారు. నైరుతి గాలికి అడుగునీరు పైకి రావడం, గాలి ఈశాన్యానికి మళ్లాక పైనీరే ఒడ్డుకు చేరి కిందికి దిగడం, రెండూ కనిపించాయి. విశ్వవిద్యాలయం 1954లో వేసిన సంపుటంలో అవి అచ్చయ్యాయి. భీమిలి రోడ్డు మీద కుడిచెయ్యి చాపి చూపగలిగే పాఠం అదే. గంగ, మహానది, గోదావరి తెచ్చిపోసే మంచినీరు బంగాళాఖాతం పైన మూతలా పరుచుకుంటుంది. కాబట్టి మన దగ్గర ఇది పెరూలో లాగా విశాలంగా కాక, ఒడ్డు వెంట సన్నటి పట్టీలా జరుగుతుంది.

ఓడ మీద నుంచి చూస్తే ఒకసారికి ఒక చోటే తెలుస్తుంది. తీరమంతా చుట్టి వచ్చేలోపు గాలి మారిపోతుంది. 1978 అక్టోబరులో అమెరికా పంపిన నింబస్-7 ఉపగ్రహంలో సముద్రపు రంగును కొలిచే పరికరం ఉంది. ప్లవకాలు ఎక్కువున్నచోట నీరు పచ్చబడుతుంది, ఆ పచ్చదనం పైనుంచి దొరుకుతుంది. నీటి వేడిని పరారుణ కిరణాలతో కొలిచే ఉపగ్రహాలూ అప్పటికే వచ్చాయి. కాలిఫోర్నియా తీరం మీది బొమ్మలు చూసి శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. చల్లటి నీరు ఒడ్డు వెంట నీటుగా పట్టీలా లేదు. నాలుకలు చాపినట్టు, రెండు మూడు వందల కిలోమీటర్ల దాకా సముద్రంలోకి సాగి ఉంది. తర్వాత ఓడలతో వెళ్లి చూస్తే, ఆ నాలుకల్లో ఒడ్డు నుంచి బయటికి పరుగెత్తే బలమైన ప్రవాహాలు ఉన్నాయి. ఎక్‌మన్ లెక్క తప్పు కాలేదు గానీ, సముద్రం దాని మీద ఇంకా చాలా రాసి ఉంచిందని తెలిసింది.

1999 మే 26న మన దేశం ఓషన్‌శాట్-1 పంపింది. 2009లో వెళ్లిన ఓషన్‌శాట్-2 రంగుతోపాటు, అలల మీది సన్నటి ముడతల నుంచి రాడార్ తరంగాలు వెనక్కి వచ్చే తీరును బట్టి సముద్రం మీది గాలిని కూడా కొలిచింది. గాలి దిక్కు తెలిస్తే నీరు ఎటు జరుగుతుందో లెక్క కట్టవచ్చు, అది నాన్సెన్ ఓడ మీద మొదలైన లెక్కే. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇలాంటి ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడి, రంగు చూసి, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను మత్స్యకారులకు తెలుపుతుంది. ఏ రేవు నుంచి ఎటు, ఎంత దూరం పోవాలో అందులో ఉంటుంది. డీజిల్ పోసుకుని బోటు కట్టుకుపోయే మనిషికి అది ఆ రోజు ఖర్చుకు సంబంధించిన మాట. నైరుతి రుతుపవనాల్లో మబ్బులు కమ్మితే మాత్రం పైనుంచి నీటి రంగు కనిపించదు.

నాన్సెన్ ఇదేమీ చూడలేదు. సముద్రం దగ్గర కూడా ఆయన అనుకున్నంతకాలం ఉండలేకపోయారు. లోతైన నీటిని తెచ్చి, దాని వేడి కొలిచే సీసాను ఆయన మెరుగుపరిచారు. నాన్సెన్ సీసా పేరుతో 1960ల దాకా ప్రపంచమంతటా పరిశోధన ఓడల్లో అదే వాడారు. కానీ 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయినప్పుడు దేశం ఆయన్ని దౌత్యానికి పిలిచింది. 1906 నుంచి లండన్‌లో రాయబారి. 1907 డిసెంబరులో భార్య ఈవాకు న్యుమోనియా అని కబురొచ్చి బయలుదేరారు. ఇల్లు చేరేసరికి ఆమె లేరు. పిల్లలు ఐదుగురు. తండ్రి ఎప్పుడూ ఏదో ప్రయాణంలోనే ఉన్న ఇల్లు అది. తర్వాత కొన్నేళ్లకు చిన్న కొడుకూ పోయాడు. ఆయన గురించి రాసేవాళ్లు ఈ భాగాన్ని త్వరగా దాటేస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920లో నానాజాతి సమితి, యుద్ధఖైదీలను ఇళ్లకు చేర్చే పని ఆయనకు అప్పగించింది. సైబీరియాలోనూ ఇతరచోట్లా చిక్కుకున్న 4 లక్షలకు పైగా మనుషులను రెండేళ్లలో వెనక్కి తెచ్చారు. డబ్బు లేదు, ఓడలు లేవు, ప్రభుత్వాలు ఒకదానితో ఒకటి మాట్లాడవు. ఆ తర్వాత రష్యా కరవు, ఆపైన ఏ దేశమూ తమవాళ్లని ఒప్పుకోని శరణార్థులు. కాగితం లేని మనిషి సరిహద్దు దాటలేడు, ఉద్యోగం చేయలేడు. వాళ్లకోసం 1922లో ఆయన చొరవతో వచ్చిన గుర్తింపు పత్రాన్ని నాన్సెన్ పాస్‌పోర్ట్ అన్నారు. యాభైకి పైగా దేశాలు దాన్ని ఒప్పుకున్నాయి. చిత్రకారుడు మార్క్ షగాల్, సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ ఆ పత్రం మీదే తిరిగారు. ఆ ఏడాదే ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ డబ్బు సహాయ పనులకే పోయింది.

1930 మే 13న, ఓస్లో దగ్గర తన ఇంట్లో నాన్సెన్ కన్నుమూశారు. నాలుగు రోజుల తర్వాత, మే 17న, నార్వే జాతీయ దినోత్సవం నాడు దేశమంతా ఆయన్ని సాగనంపింది.

1975లో నార్వే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఒక పరిశోధన ఓడను అరేబియా సముద్రానికి పంపాయి. అది పాతబడ్డాక 1993లో ఇంకొకటి, 2017లో మూడోది వచ్చాయి. ఆఫ్రికా పడమటి తీరం వెంట, అడుగునీరు పైకొచ్చే నమీబియా, అంగోలా, మొరాకో నీళ్లలో ఈ ఓడలు చేపలనూ, ప్లవకాలనూ, నీటి వేడినీ కొలుస్తూ వస్తున్నాయి. మూడు ఓడలకూ ఒకటే పేరు పెట్టారు: డాక్టర్ ఫ్రిట్యోఫ్ నాన్సెన్.